పిన్ని తినని మెస్సు

ఉగాదికి గుంటూరు వచ్చి పది రోజులైంది. బ్రాడీపేటలో బాబాయి వాళ్ళ డాబా మీద పరదాలు పరిచి మిరపకాయలు ఎండబోశారు. ఏడాది కారానికి సరిపడా కాయ. బాబాయి నలభై ఏళ్ళు మిర్చి కమీషను కొట్లో గుమస్తాగా చేశాడు. కాయ విరిచి గింజ చూస్తే చాలు, రకం చెప్పేస్తాడు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ హోటళ్ళ మీద వ్యాసాలు రాస్తుంటాను. తిండంటే ఇద్దరికీ ప్రాణం. ఎక్కడ తినాలన్న దగ్గరే మాకు పడదు.

అందుకని ఈసారి ఒక ఒప్పందం పెట్టుకున్నాం. ఒక పూట ఆయన చెప్పిన చోట తినాలి, ఒక పూట నేను చెప్పిన చోట. టిఫిన్ బండ్లు, మెస్సులు, బిర్యానీ పాయింట్లు, హైవే మీద లారీలు ఆగే హోటళ్ళు, గాజు తలుపుల ఏసీ రెస్టారెంట్లు అన్నీ తిరిగాం. చిలకలూరిపేట మీదుగా ఒంగోలు దాకా వెళ్ళి, అల్లూరయ్య మైసూర్‌పాక్ పెట్టె చేతబట్టుకుని తిరిగొచ్చాం. నిన్న రాత్రితో ఒప్పందం పూర్తయింది. ఇవాళ సాయంత్రం డాబా మీద లెక్క తేల్చుకుందామని కూర్చున్నాం. పిన్ని పిట్టగోడకి ఆనుకుని కాయలకి తొడిమలు తీస్తోంది.

బాబాయి: నిన్న రాత్రి నీ ఏసీ హోటల్లో ఇద్దరికీ ఎంతయిందమ్మా?

నేను: పద్దెనిమిది వందలు.

బాబాయి: ఆ డబ్బుతో మన మెస్సులో పన్నెండు మంది కడుపునిండా తింటారు. సరే, డబ్బు సంగతి అలా ఉంచు. మెనూ కార్డులో ‘గుంటూరు చికెన్’ అని రాశారా? నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది నాకు. ఆ ఎరుపు మన కాయది కాదు, బ్యాడిగిది. కర్ణాటక కాయ, ఒళ్ళంతా ముడతలు. రంగు బాగా దిగుతుంది, కారం ఉండదు. మన సన్నం కాయకి ఘాటుంది, తేజకైతే ఇంకా ఎక్కువ. ఘాటంతా తీసేసి, రంగు మాత్రం పోసి, దానికి మన ఊరి పేరు పెడితే నాకు కష్టంగా ఉంటుంది.

నేను: వండినాయన్ని అడిగాను బాబాయ్. దాచలేదు, బ్యాడిగే అన్నాడు. అక్కడికి పసిపిల్లలతో వస్తారు, పై రాష్ట్రాల వాళ్ళు వస్తారు. కాయలు కలపడం తప్పెలా అవుతుంది? ఆవకాయకి రంగు రావాలని వరంగల్ చపాటా కాయ తెప్పించింది నువ్వే కదా. 2025లో ఆ కాయకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపరు తెచ్చి చూపించిందీ నువ్వే.

బాబాయి: ఆవకాయ జాడీ మీద నేను ‘గుంటూరు’ అని రాయలేదుగా.

నేను: పేరు విషయంలో నీ మాటే ఒప్పుకుంటాను. ఆ కూరకి ఆ పేరు పెట్టకూడదు.

బాబాయి: ఆ పేరు వెనకాల ఎవరున్నారో ఆలోచించు. 2025లో మిర్చి యార్డులో ధర పడిపోతే రైతులు రోడ్డెక్కారు. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించింది. కిలోకి నూట పద్దెనిమిది కూడా లేదు. నిన్న ఆ కూర ఒక్క ప్లేటు మూడొందల ఎనభై. ఆ ప్లేటులో పడే కాయలెన్ని? గుప్పెడు. అవీ మనవి కావు. దుక్కి దున్నిన దగ్గర్నించి కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీ బస్తాలకెత్తి యార్డుకి తోలేదాకా పడిన కష్టం రైతుది. పేరు మాత్రం హోటలు వాడుకుంటుంది.

దీనికి నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. యార్డు చూసిన వాళ్ళకి ఆ మాట బరువు తెలుస్తుంది. ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరేదాకా బస్తాల మధ్య నడవడానికి దారుండదు. లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు, కళ్ళమ్మట నీళ్ళు. అందులోనే ముఠా కూలీలు మూటలు మోస్తారు, ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తారు.

నేను: రైతు దగ్గర చౌకగా కొన్న కాయే మెస్సుకీ వస్తుంది బాబాయ్. గిట్టుబాటు లేకపోవడానికి ఏసీ హోటలు కారణం కాదు. అసలు మెస్సు కారం ఎక్కణ్ణించి వస్తుందో నీకంటే తెలిసినవాళ్ళెవరు? తాలుకాయ ఎక్కడికి పోతుంది?

బాబాయి: (కాసేపు ఊరుకుని) తెల్లబారిన కాయ తక్కువ రేటుకి అమ్ముడవుతుంది. అది కూడా పొడయ్యి ఎక్కడో ఒకచోట తేలుతుంది. చౌకగా భోజనం పెట్టేవాడు చౌక కారమే కొంటాడు. అందరూ అంతేనని అనను. నేను చెప్పే మెస్సాయన కాయ కొని, ఎదురుగా నిలబడి మర పట్టించుకుంటాడు. కానీ తాలు కారం ఏ చాయలో ఉంటుందో, ఆ చాయ కనబడకుండా ఏం కలుపుతారో నాకు తెలుసు. 2005లో ఇంగ్లండులో సూడాన్ అనే రసాయన రంగు కలిసిన కారప్పొడి ఒక సాసులో చేరి, వందల రకాల సరుకులు దుకాణాల్లోంచి వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడు మా కొట్లో వేరే మాటే లేదు. మన దేశం నుంచి పోయే కారాన్నే అనుమానించే రోజులొచ్చాయి.

నేను: అందుకే వంటింటి తలుపు తెరిచిపెట్టిన హోటలంటే నాకు గౌరవం. నిన్న గాజు వెనకాల వండుతుంటే చూశాం. నీ మెస్సులో వంటిల్లు ఎప్పుడైనా చూశావా?

బాబాయి: వంటిల్లు చూడక్కర్లేదు, విస్తరి చెబుతుంది. కూర్చోగానే అరటాకు పరిచి నీళ్ళు చల్లుతాడు. ఉప్పు, గోంగూర పచ్చడి, కందిపొడి వరసగా వచ్చేస్తాయి. అన్నం పొగలు కక్కుతూ పడుతుంది. నెయ్యి ఎవరి విస్తట్లో అయినా ఒకే గరిటె. దోసకాయ పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, చారు. గడ్డపెరుగుతో ఆఖరు. పచ్చడి చెయ్యి ఏ ఒక్కరోజూ మారదు. సర్వరు నా మొహం చూసి రెండో విడత పప్పు తెస్తాడు, అడగనివ్వడు. నువ్వు తీసుకెళ్ళిన చోట మూడుసార్లు పిలిస్తే గానీ మంచినీళ్ళు రాలేదు. పైగా బాటిల్ నీళ్ళా మామూలు నీళ్ళా అని ఒక ప్రశ్న.

ఆ గోంగూర గురించి నా మాట కూడా ఇక్కడే చెప్పాలి. పది రోజుల్లో ఎనిమిది చోట్ల గోంగూర తిన్నాం. ఖరీదైన మూడు చోట్లా పులుపు పలచబడి ఉంది. ఒకచోట టమాటా కలిపినట్టు నాలుక చెప్పింది. మెస్సు పచ్చడిలో ఎండుమిర్చి, వెల్లుల్లి, ఆకు ఒకదాన్ని ఒకటి మింగకుండా దేనికది తెలిశాయి. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ ముక్క పెట్టారు. ఇంత మంచి పచ్చడి ఆ ధరలో ఎలా పెడుతున్నారో నాకు అంతు చిక్కలేదు. టిఫిన్లలోనూ అంతే. బండి మీద తిన్న కారం నెయ్యి ఇడ్లీని మించింది ఏ ఏసీ గదిలోనూ దొరకలేదు. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం తిని నీళ్ళు తాగితే మంట చల్లారకపోవడం అందుకే. ఆ మంటని ఒంట్లో పట్టుకునే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఇడ్లీ మీద కారం, కారం మీద నెయ్యి అన్న వరస మాత్రం మన బండి వాళ్ళు ఏ ప్రయోగశాలా లేకుండానే తెలుసుకున్నారు.

బాబాయి: చూశావా! పూటకూళ్ళ సంప్రదాయం మనకి కొత్తది కాదమ్మా. ‘క్రీడాభిరామం’ తీసి చూడు. రాసింది వల్లభరాయుడు, మన వినుకొండ వాడు. శ్రీనాథుడిదేనని వాదించే వాళ్ళూ ఉన్నారనుకో. ఓరుగల్లులో ఒక పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకి దొరికే భోజనం అందులో ఉంది. సన్నన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఒకే ధర, తిన్నంత. ఇవాళ మెస్సు చేస్తున్నదీ అదే. నువ్వు హోటళ్ళ మీద రాస్తున్నావే, తెలుగులో ఆ రాత అప్పుడే రాసినవాడు వినుకొండ మనిషి.

నేను: ఆ పద్యం నాకూ ఇష్టమే. కానీ అందులో మిరపకాయ ఉందా బాబాయ్?

బాబాయి: లేదు.

నేను: ఎలా ఉంటుంది? అప్పటికి మిరప మన గడ్డ మీద లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడలెక్కి పదహారో శతాబ్దంలో గానీ ఈ దేశానికి రాలేదు. అంతకుముందు ఘాటంటే మిరియమే. ఎక్కడి నుంచో వచ్చిన కాయని మన నల్లరేగడి సొంతం చేసుకుంది, మన ఊరు దానికి పేరైంది. సంప్రదాయమంటే అలా కొత్తవాటిని కలుపుకుంటూ పోయేదే. మరి మెస్సు మాత్రం నువ్వు కుర్రాడిగా చూసినప్పటిలా ఉండిపోవాలని ఎందుకంటావు?

బాబాయి: అంతకంటే మంచిగా మార్చి చూపించు, నేనే ముందు వస్తాను.

నేను: చూపించాను కదా! ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు ఆగిన రెస్టారెంట్లో చింతచిగురు మాంసం తిన్నావు. మెనూ కార్డులో లేదు. ఈ వారమే చిగురొచ్చిందని ఆయనే వచ్చి చెప్పాడు. జొన్నరొట్టె తుంచి ముంచుకుని నువ్వు మాట్లాడకుండా తిన్నావు. నీ మెస్సులో ఈ పది రోజుల్లో ఎప్పుడైనా చింతచిగురు కనబడిందా? చైత్రమైనా కార్తీకమైనా అదే వంకాయ, అదే దొండకాయ. ఋతువుని విస్తట్లోకి తెచ్చినవాడు ఆ ఏసీ హోటలాయనే.

బాబాయి: అది బాగుంది. ఎముక దగ్గర మాంసం ఊడివచ్చేలా ఉడికింది, పులుపు చివర్న తెలిసింది. మా అమ్మ చేసినట్టు... (ఆగి) కానీ బిల్లు చివర సర్వీసు ఛార్జీ అని పది శాతం వేశారు.

నేను: అడిగితే తీసేశారు. అది తప్పనిసరి కాదని 2022లోనే వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది.

బాబాయి: నువ్వు చదువుకున్నావు, అడిగావు. పక్క బల్ల దగ్గర కొత్తగా పెళ్ళయిన జంట అడగలేదు, సిగ్గుపడి కట్టేశారు. అడిగినవాడికి తీసేసేది అసలు వెయ్యడమెందుకు? మెస్సులో గోడ మీద రాసిన రేటే రేటు.

నేను: ఇది నీ గెలుపే.

ఇక్కడ పిన్ని తల ఎత్తింది, ఏమీ అనలేదు. ఈ పది రోజులూ మనసులో నలుగుతున్న ప్రశ్న నేనప్పుడు బయటపెట్టాను.

నేను: బాబాయ్, మధ్యాహ్నం ఒంటిగంటకి నీ మెస్సులో నేను తిన్నప్పుడు ఏం జరిగిందో గమనించావా?

బాబాయి: ఏం జరిగింది?

నేను: నా కుర్చీ వెనకాల ఇద్దరు మగవాళ్ళు నిలబడ్డారు. నేను లేవగానే కూర్చోవాలని. ఒకాయన చెయ్యి కుర్చీ మీద వేసి నా విస్తట్లోకే చూస్తున్నాడు. హాలంతా కలిపి ఆడదాన్ని నేనొక్కదాన్నే. చేతులు కడుక్కునే చోట జారుడు. ఆడవాళ్ళకి వేరే గది అడిగితే సర్వరు తల అడ్డంగా ఊపాడు. పెరుగు కలుపుకోకుండానే లేచాను. నువ్వు గమనించలేదు, పప్పు రెండోసారి వడ్డించుకుంటున్నావు.

బాబాయి: వాళ్ళు చెడ్డవాళ్ళు కాదమ్మా. యార్డు నుంచి వచ్చినవాళ్ళు, లారీల వాళ్ళు. అరగంటలో తిని పోవాలి. నేనూ అలా ఎన్నోసార్లు నిలబడ్డాను.

నేను: చెడ్డవాళ్ళని నేనూ అనట్లేదు. వాళ్ళ ఆకలి నాకు తెలుసు. కానీ ఆ ఏసీ హోటల్లో నేనొక్కదాన్నీ ఒక బల్ల దగ్గర గంటసేపు కూర్చోగలను. పుస్తకం చదువుకోగలను. ఎవరూ నా విస్తట్లోకి చూడరు. పద్దెనిమిది వందల్లో సగం దానికే కట్టాననుకో. (కాసేపాగి) నలభై ఏళ్ళు నువ్వక్కడ తిన్నావు. పిన్ని ఎప్పుడైనా తిన్నదా?

బాబాయి చేతిలోని కాయని విరవకుండా అలాగే పట్టుకున్నాడు.

బాబాయి: పార్సిల్ తెచ్చేవాణ్ణి.

నేను: పార్సిల్లో పొగలు కక్కే అన్నం ఉంటుందా? అడగకుండా తెచ్చే రెండో విడత పప్పు ఉంటుందా?

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. కింద వీధిలో పునుగుల బండి వాడు గంటె మోగిస్తున్నాడు.

బాబాయి: సరే. నువ్వన్నది నిజం. కానీ నాదీ ఒక మాట విను. నీ గాజు తలుపు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. లుంగీ కట్టుకున్న ముఠా మేస్త్రిని లోపలికి రానిస్తాడా? రానిచ్చినా అతను వస్తాడా? నీకు చోటిచ్చిన బిల్లే అతనికి తలుపు మూసేస్తోంది. మెస్సులో లక్షల మీద వ్యాపారం చేసే షావుకారు, మూట మోసిన మనిషి ఒకే బల్ల మీద తిన్నారు. నేను కళ్ళారా చూశాను.

నేను: ఎప్పటి నుంచి చూశావు? ఆ బల్ల మీద కూడా అందరికీ చోటు ఊరికే రాలేదు. బోర్డు మీద కులం పేరు రాసుకున్న హోటళ్ళుండేవి. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఆ పేరు తీయించడానికి పెరియార్ 1957లో ఉద్యమం చెయ్యాల్సి వచ్చింది. రాజ్యాంగంలో పదిహేనో అధికరణం హోటళ్ళనీ దుకాణాలనీ పేరుపెట్టి మరీ చెప్పింది, కులం చూసి ఎవర్నీ ఆపకూడదని. అది వచ్చి ఎన్నేళ్ళయినా మన పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి పోలేదు. దళితులకి వేరే గ్లాసు, అది వాళ్ళే కడిగి పెట్టాలి. నా కాలేజీ స్నేహితురాలిది ఈ జిల్లా పల్లే. వాళ్ళ నాన్నని ఊళ్ళో అలాంటి గ్లాసుతోనే తాగించారు. తనేమనేదో తెలుసా? పెద్ద హోటలుకి వెళ్తే నా పేరు, మా పేట ఎవరూ అడగరే, డబ్బు కట్టి తింటాను, అంతే అనేది. ఆ గాజు తలుపు తనకి మూసుకోలేదు బాబాయ్. తెరుచుకుంది.

బాబాయి: (నెమ్మదిగా) ఆ పిల్ల మాట మీద నేనేమీ అనలేను.

నేను: అలాగని నీ ముఠా మేస్త్రి సంగతి కొట్టిపారెయ్యను. మొన్న సర్కారు అన్న క్యాంటీన్‌లో తిన్నాం కదా, ఐదు రూపాయలకి. అది నా లెక్కలోదీ కాదు, నీ లెక్కలోదీ కాదు. నువ్వే లైన్లో నిలబెట్టావు.

బాబాయి: 2018లో పెట్టారు, మరుసటేడు మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. మూసిన ఐదేళ్ళూ ముఠా వాళ్ళు ఏం తిన్నారో నేను చూశాను. టీ, రెండు బన్నులు. ఆ రోజు మన ముందు నిలబడ్డ ఆవిడ తొడిమలు తీసే పనిలోంచి వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సాంబారు పలచగా ఉందన్నావు నువ్వు.

నేను: పలచగానే ఉంది. అన్నం మాత్రం బాగా ఉడికింది, నేల శుభ్రంగా ఉంది. ఇంకొకటి గమనించాను. నువ్వు చెప్పిన ఆవిడా, నేనూ, కోచింగు పిల్లలూ ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చుకుని తిన్నాం. నా వెనకాల ఎవరూ నిలబడలేదు. ఐదు రూపాయల చోట వీలైనది నూట యాభై రూపాయల చోట ఎందుకు కాదు?

బాబాయి: స్థలం తక్కువమ్మా. అద్దెలు చూశావా ఈ సెంటర్లో?

నేను: బెంగళూరులో అద్దెలు తక్కువా? అక్కడి నాగార్జున హోటల్లో ఇదే భోజనం. అరటాకు, కందిపొడి, నెయ్యి, పప్పు, ఘాటు తగ్గించని వేపుడు. ఏసీ హాలు. చోటు కోసం జనం బయట ఆగుతారు, కుర్చీల వెనకాల నిలబడరు. కన్నడం వాళ్ళూ ఉత్తరాది వాళ్ళూ కళ్ళు తుడుచుకుంటూ తింటారు, కారం తగ్గించమని ఎవరూ అనరు. మన విస్తరి ఊరు దాటి వెళ్ళి అంత మర్యాద నేర్చుకుంది. ఆ మర్యాద మన ఊరికి తిరిగి రావాలని నేనడుగుతున్నాను.

బాబాయి: వచ్చేటప్పుడు ధర కూడా తెస్తుంది.

నేను: కొంత తెస్తుంది. బయట రెండు బెంచీలు వేసి, చీటీ ఇచ్చి పిలవడానికి ఎంతవుతుంది? చేతులు కడిగే చోట గచ్చు గరుగ్గా చేయించడానికి, ఆడవాళ్ళకి ఒక గది కట్టించడానికి ఎంతవుతుంది? ఒక సెంటరుకి, ఒక వంతెనకి శంకర్ విలాస్ అని హోటలు పేరు పెట్టుకున్న ఊరు ఇది. హోటలు మన ఊరికి అంత ముఖ్యం. సగం ఊరు లోపలికి అడుగు పెట్టలేని హోటలుని మంచి హోటలని నేను రాయలేను బాబాయ్, పచ్చడి ఎంత బాగున్నా సరే.

బాబాయి: పచ్చడి బాగుందనైతే రాస్తావుగా?

నేను: మొదటి వాక్యం అదే.

చీకటి పడుతోంది. బాబాయి లేచి పరదా కొసలు పట్టుకున్నాడు. ఎండిన కాయలు గలగలమంటూ మధ్యకి చేరాయి. పిన్ని చీర కొంగుకి చేతులు తుడుచుకుని, అంతసేపటికి మొదటిసారి మాట్లాడింది.

పిన్ని: రేపు ఆదివారం. ఆ మెస్సు తీస్తారా?

బాబాయి: తీస్తారు. పదకొండున్నరకి వెళ్దాం. అప్పటికి జనం ఉండరు, నువ్వు నింపాదిగా కూర్చోవచ్చు.

పిన్ని: పదకొండున్నరకి నాకు ఆకలెయ్యదు. ఒంటిగంటకే వెళ్దాం. అన్నం పొగలు కక్కుతూ వస్తుందన్నావుగా.

బాబాయి: ఒంటిగంటకి రద్దీగా ఉంటుందే.

పిన్ని: ఉండనీ. నా కుర్చీ వెనకాల నువ్వు నిలబడు.